చెప్పి తాకడం

శ్రీసత్య కంచరపాలెంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఉదయం ఆరున్నరకి షట్టరు ఎత్తేసరికే పరగడుపున వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉంటారు. సూదంటే భయపడేవాళ్లు ఆమె కుర్చీ కోసమే ఆగుతారు. పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా వెళ్లరు. ఆమె ఎవరి చేతినీ చెప్పకుండా పట్టుకోదు. "ఏ చెయ్యి ఇస్తారు?" అని అడుగుతుంది. "ఇప్పుడు రబ్బరు కడతాను. ఇప్పుడు దూదితో తుడుస్తాను, చల్లగా ఉంటుంది. ఇప్పుడు గుచ్చుతాను. ఊపిరి బిగబట్టకండి" అని ఒక్కొక్కటీ చెప్పి చేస్తుంది. ఇది ఆమెకు ఎవరో నేర్పింది కాదు.

నాగబాబు డెంగీ జ్వరంతో వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ప్లేట్‌లెట్లు చూపించుకోడానికి వారం పాటు రోజూ వచ్చాడు. జ్వరం తగ్గాక ఇంకో రెండు రోజులు కూడా వచ్చాడు. "ఇంక అక్కర్లేదండీ, కౌంటు బావుంది" అంటే, "తెలుసండీ" అన్నాడు.

పెళ్లి మాట అనుకున్నప్పుడే శ్రీసత్య అతనికి అంతా చెప్పింది. ఆమెది సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇరవైమూడేళ్లప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతూ సిటీలో గది అద్దెకు తీసుకుని ఉంది. ఆ ఇంటివాళ్ల అల్లుడు, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం, ఆమె గదిలోకి వచ్చి తలుపు వేశాడు. ఆ మనిషి పేరు ఈ కథకు అక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే తల్లి చిలకమ్మ బస్సెక్కి వచ్చి, కూతురిని వెంటబెట్టుకుని స్టేషనుకు వెళ్లింది. నాలుగేళ్లు కేసు నడిచింది. వాయిదా ఉన్న ప్రతిసారీ చిలకమ్మ పొలం పని వదిలి వచ్చి, కోర్టు వరండాలో కూతురి పక్కన కూర్చుంది. చివరికి ఆ మనిషికి పదేళ్లు శిక్ష పడింది. ఆ రోజు బయటికొచ్చి, "ఇంక అయిపోనాదమ్మా" అంది చిలకమ్మ. శ్రీసత్య కూడా అయిపోయిందనే అనుకుంది.

నాగబాబు బీచ్‌రోడ్డు గోడ మీద కూర్చుని అంతా విన్నాడు. తర్వాత, "మీ అమ్మగారిని ఓపాలి సూడాలి" అన్నాడు.

అయిపోలేదని పెళ్లయ్యాక తెలిసింది.

అతనంటే ఆమెకు ఇష్టం. పని నుంచి వచ్చి సబ్బుతో ఎంత రుద్దినా పోని డీజిలు వాసనంటే ఇష్టం. అన్నం కలుపుకునేటప్పుడు ఆ ముంజేతుల వైపు చూస్తూ కూర్చునేది. కానీ అతను దగ్గరికి వస్తే ఆమె ఒళ్లు ఆమె మాట వినేది కాదు. తొడలు బిగుసుకుపోయేవి. లోపల ఎవరో గోడ కట్టేసినట్టుండేది, ఆ గోడకు తగిలితే మంట. అప్పుడామె అక్కడ ఉండడం మానేసేది. కళ్లు తెరిచే ఉండేవి, మనిషి మాత్రం ఎక్కడో ఉండేది. అయిపోయాక అతని పక్కన పడుకుని, కాపురమంటే ఇదేనేమో, ఓర్చుకుంటే సరిపోతుందేమో అనుకునేది.

అతను మొదట సిగ్గనుకున్నాడు. తర్వాత నొప్పి అని గ్రహించాడు. ఏడాది తిరిగేసరికి దగ్గరికి రావడమే మానేశాడు.

ఒకరోజు పొద్దున్న టిఫిను తింటూ, ప్లేటు వైపే చూస్తూ అడిగాడు.

"సత్యా, నీకు నానంటే ఇష్టమేనా?"

"అదేటి మాట? ఇష్టం లేకపోతే మా ఊళ్లో అందరితోటీ అన్ని మాటలు పడి నిన్నెందుకు సేసుకుంతాను?"

"మరి నాను పక్కనొచ్చి పడుకుంతే సాలు, ఊపిరి బిగబట్టేత్తన్నావు. నిద్దట్లో కూడా."

శ్రీసత్య గరిటె గిన్నెలో పెట్టేసింది. అతను అంతవరకూ చూశాడని ఆమెకు తెలియదు.

ఆ వారమే ఆమె డాక్టర్ ఆశ దగ్గరికి వెళ్లింది. వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల సందు చివర ఉంది ఆ క్లినిక్కు. ఆవిడ రాసిన చీటీలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చే ఆడవాళ్లు ఆవిడ గురించి ఒకటే మాట చెప్పేవారు: తొందరపెట్టదు. శ్రీసత్య పరీక్షకు బల్ల మీద పడుకోవాలేమోనని చెమట పట్టిన చేతులతో కూర్చుంది. డాక్టరు ఆమె చెప్పింది పూర్తిగా విని, పెన్ను మూత పెట్టింది.

"ఈరోజు నేను పరీక్ష చెయ్యను. మీకు చెయ్యాలనిపించిన రోజు చెప్పండి. అప్పుడు చూస్తాను."

"నాకు రోగమేదైనా ఉందాండీ?"

"కంటి దగ్గరికి ఏదన్నా వస్తే రెప్ప పడుతుంది. మీరు మూయమని చెప్పక్కర్లేదు, వద్దన్నా ఆగదు. కింద ఉన్న కండరాలూ అంతే. ఒకసారి దెబ్బ తిన్నాయి. ఇప్పుడు వచ్చేది ఎవరో చూసుకోకుండా ముందే మూసేస్తున్నాయి. మిమ్మల్ని కాపాడదామనే చేస్తున్నాయి. వాటి మీద కోప్పడకండి."

శ్రీసత్యకు కోర్సులో చదువుకున్న బొమ్మలు గుర్తొచ్చాయి. ఆ భాగాలన్నిటికీ పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంది. అవి తనకూ ఉన్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

"పిల్లలు పుట్టరేమోనని మా అత్తగారు..." అంటూ మొదలుపెట్టింది.

"అత్తగారి సంగతి తర్వాత. పిల్లల సంగతీ తర్వాతే. మీ ఆయన సంగతి కూడా పక్కన పెట్టండి. మీకేం కావాలి?"

శ్రీసత్య చెమట చేతులు రుమాలుకు తుడుచుకుంది. కాసేపటికి, "నాకు అతని దగ్గర ఉండాలని ఉంటుంది. ఉండలేకపోతున్నాను" అంది. చెప్పాక ఏడుపొచ్చింది. డాక్టరు మంచినీళ్లు ఆమె వైపు జరిపింది.

డాక్టరు మందులేవీ రాయలేదు. గురువారాలు క్లినిక్కుకి వచ్చే కౌన్సిలర్ దగ్గర కూర్చోమంది. కడుపు కింద చెయ్యి పెట్టుకుని ఊపిరి నెమ్మదిగా వదలడం, బిగించడం, సడలించడం ఫిజియోథెరపిస్టు చేత నేర్పించింది. చివరగా, కనీసం రెండు నెలలు భార్యాభర్తలు కలవకూడదంది. మీ ఆయన చెయ్యి వెయ్యాలనుకుంటే మిమ్మల్ని అడగాలి, మీరు చెప్పిన చోటే వెయ్యాలి, మీరు చాలు అంటే ఆ క్షణం తియ్యాలి. అంతే.

అది ఏప్రిల్ నెల. సముద్రంలో వేట నిషేధం మొదలై బోట్లన్నీ హార్బర్‌లో వరసగా కట్టేసి ఉన్నాయి. ఇంజన్లు విప్పేది ఆ రెండు నెలలే కాబట్టి నాగబాబుకు ఊపిరాడని పని. ఆమె చెప్పింది విని అతను నవ్వాడు.

"సముద్రంలోనూ ఏట బందు, ఇంట్లోనూ ఏట బందేనేటి?"

"నాను సేపని కాదు" అంది శ్రీసత్య. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె నోట అమ్మ భాషే వస్తుంది.

నాగబాబు నవ్వు ఆగింది. కాసేపు తల గోక్కున్నాడు. "తప్పయిపోనాది. ఏదో నోటికొచ్చింది అనీసినాను" అన్నాడు. అతని మొహం చూసి ఈసారి ఆమెకు నవ్వొచ్చింది.

"ఆ డాక్టరమ్మ సెప్పిందాంట్లో నాకొకటే అర్థం కాలేదు. అడిగి ముట్టుకోడం ఏటి, పెళ్లాన్ని?"

"నా కుర్చీలో కూర్చున్నప్పుడు నీ చెయ్యి నాను అడక్కుండా పట్టుకున్నానా?"

"లేదు."

"సూది గుచ్చే ముందు సెప్పినానా లేదా?"

"సెప్పినావు. అందికే కదా మళ్లీ మళ్లీ వొచ్చినాను."

"మరి?"

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్లిద్దరివీ అయ్యాయి. అత్తగారి పేరు ముసలమ్మ. ఆవిడ చేపలమ్ముకుని, అటునుంచటే కూతురింటికి వెళ్లి సాయంత్రానికి గానీ వచ్చేది కాదు. మొదటి ఆదివారం నాగబాబు మంచం చివర బిగదీసుకుని కూర్చుని, "ఎక్కడ?" అన్నాడు. ఆమె అరచెయ్యి చాపింది. పని చేసి మొద్దుబారిన వేళ్లతో అతను ఆ అరచేతిని నెమ్మదిగా రాశాడు. ఆమె "చాలు" అంది. తీసేశాడు. మళ్లీ పట్టుకోమంది, మళ్లీ చాలంది. అయిదారు సార్లయ్యాక అతను విసుక్కున్నాడు.

"ఎన్ని మార్లు ఇలగ?"

"నమ్మకం వచ్చీదాకా."

అతను గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ చెయ్యి చాపాడు. ఆ రోజు ఆమె "చాలు" అని ఎన్నిసార్లందో లెక్క లేదు. ప్రతిసారీ ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. ఏడేళ్ల కిందట ఆ గదిలో ఆమె వదలమని అరిచింది. అప్పుడు వినేవాళ్లు లేరు. ఇప్పుడు తన ఇంట్లో, మామూలు గొంతుతో చాలు అంటే వినే మనిషున్నాడు. ఆమె ఒళ్లు అది గమనించడం మొదలుపెట్టింది.

తర్వాత ఆదివారం పాదాలు. ఆ తర్వాత మెడ వెనక, జుట్టు ఎత్తిపట్టి. ఒక ఆదివారం ఏమీ వద్దంది. ఇద్దరూ ఈతపండ్లు తింటూ, గింజలు ప్లేటులో పడేస్తూ కబుర్లు చెప్పుకున్నారు.

తనకు తానుగా చేసుకోవాల్సింది ఇంకా కష్టమైంది. స్నానాలగదిలో వేడినీళ్లు పోసుకుని, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, డాక్టరు చెప్పినట్టు చేతి అద్దంలో తనను తాను చూసుకుంది. మొదటిసారి అద్దం బోర్లించేసింది. రెండోసారి చూడగలిగింది. ఏ గాయమూ లేదు. ఇన్నేళ్లూ అక్కడ ఏదో పాడైపోయి ఉంటుందనుకుంది. మామూలుగా ఉంది. రోజులు గడిచేకొద్దీ ఆమె వేళ్లకు అదొక పరాయి చోటు కాకుండా పోయింది. జూన్ మొదట్లో ఒక సెలవురోజు, ఎవరూ లేనప్పుడు, ఆమెకు అక్కడి నుంచి హాయి తెలిసింది. చిన్నదే, కానీ స్పష్టంగా తెలిసింది. ఆమె ఆశ్చర్యపోయి, చన్నీళ్లు తాగి, వెళ్లి బియ్యం ఏరుతూ కూర్చుంది. ఇది నాది అనుకుంది. ఇంకెవరికీ చెప్పలేదు.

అంతా ఇలాగే నెమ్మదిగా బాగవుతుందనుకునే సమయంలో ఒక ఆదివారం తిరగబడింది.

నాగబాబు తన స్నేహితుడు పోలిరాజు పెళ్లికి వెళ్లి, భోజనం చేసి, నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. "ముద్దెట్టుకోనా?" అని అడిగాడు. ఆమె సరేనంది. అతని మొహం దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ల ముందు గది మారిపోయింది. ఊపిరి ఆగింది. చాలు అనే మాట గొంతులోంచి రాలేదు. రెండు చేతులతో అతన్ని తోసేసింది. అతని తల గోడకు తగిలింది.

"అడిగినాను కదే. సరే అన్నావు కదా" అన్నాడు నాగబాబు, తల పట్టుకుని. అతని గొంతు పెరిగింది. "నువ్వు సెప్పిందల్లా సేత్తన్నాను. ఇంకేటి సెయ్యాలి నాను? ఆడూ నానూ ఒకటేనేటి నీకు?"

అతను చెప్పులు వేసుకుని హార్బరుకు వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంటికి రాలేదు. బోటులోనే పడుకుంటున్నానని మర్నాడు తల్లికి ఫోన్ చేశాడు.

ముసలమ్మ ఖాళీ గిన్నె గోడకు ఆనించి, కోడలి ఎదురుగా చతికిలబడింది. ఆమెకు అరవై దాటాయి. ముప్పైయేళ్లుగా నెత్తిన చేపల గిన్నెతో తిరిగిన మనిషి. అంతకు ముందు నాలుగైదుసార్లు పిల్లల మాటెత్తింది గానీ, ఇప్పుడు అది కాదు అడిగింది.

"ఆడు కొట్టినాడేటి నిన్ను?"

"లేదత్తా. నానే తోసీసినాను."

ఇంక దాచి లాభం లేదనిపించింది. శ్రీసత్య చెప్పింది. కేసు సంగతి ముసలమ్మకు ముందే తెలుసు. తర్వాతది తెలియదు. ఆదివారాల సంగతి, అడిగి తాకడం సంగతి చెబుతుంటే సిగ్గుతో శ్రీసత్య తల వంచుకుంది. ముసలమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ వింది.

"మీ మామ మంచోడే" అంది చివరికి. "తాగనప్పుడు. తాగొచ్చిన రోజు ఏటి సేసినా, పొద్దున్న అతనికి గుర్తుండీది కాదు, నాకుండీది. నలుగురు పిల్లల్ని కన్నాను. నీకిష్టమేనా అని ఒక్క దినం అడగలేదు. అడగాలనీసి అతనికీ తెల్దు, నాకూ తెల్దు."

బయట ఎవరో బిందె దింపిన చప్పుడైంది.

"నా కొడుకు అడుగుతన్నాడని నువ్వు సెప్తే," అంది ముసలమ్మ, "నాకు మంచిగుంది. ఎల్లి ఆడికి సెప్పు, ఏటైందో. ఆడికి సెప్తే గానీ తెల్దు."

"నాకే తెలీదత్తా, ఏటైందో."

"అయితే ఆలోసించు."

మంగళవారం ల్యాబ్‌లో ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. ఆయన నోట్లోంచి లవంగం వాసన వచ్చింది. శ్రీసత్య చేతిలోని సిరంజి ట్రేలో పెట్టేసి, ఒక్క నిమిషమని చెప్పి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుంది. పెళ్లిలో నాగబాబు లవంగం గుచ్చిన కిళ్లీ వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం గదిలోకి వచ్చిన మనిషి నోట్లోనూ ఆ వాసనే. కోర్టులో లాయర్లు అన్నీ అడిగారు. గడియ ఎటు వైపు ఉంది, ఏ రంగు బట్టలు, ఎన్నింటికి అరిచావు. వాసన ఎవరూ అడగలేదు. ఆమెకూ గుర్తులేదు. ఒంటికి మాత్రం గుర్తుంది.

డ్యూటీ అయ్యాక హార్బరుకు వెళ్లింది. నాగబాబు ఒక బోటు అంచున కూర్చుని, పాత గుడ్డతో ఇంజను భాగమేదో తుడుస్తున్నాడు. ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు. ఆమె వాసన సంగతి చెప్పింది. అతను గుడ్డ పక్కన పెట్టాడు.

"మరి ఆవేళే సెప్పొచ్చు కదా."

"నాకూ ఇయ్యాలే తెలిసింది."

"ఇంకా ఏటేటి ఉన్నాయి ఇలాటివి?"

"తెలీదు. వొచ్చినప్పుడు తెలుస్తాది. నువ్వూ ఆడూ ఒకటి కాదు. అది నాకెప్పుడూ తెలుసు. ఒంటికి తెలీడానికి టైము పడతాది."

నాగబాబు మళ్లీ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. "నాను కూడా ఆ మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు. "రెండు దినాల్నుంచి అదే తింతంది నన్ను." తర్వాత, "తలకాయ బాగానే ఉందిలే" అన్నాడు. గురువారం అతను కూడా ఆమెతో కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాడు. బయటికొచ్చాక, మాట్లాడిందంతా ఆవిడేనని, తను కుర్చీలో చెమట్లు పట్టి కూర్చున్నానని చెప్పాడు గానీ, తర్వాత వారం పిలవకుండానే బయల్దేరాడు.

జూన్ పదిహేనున బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళ్లాయి. డాక్టరు చెప్పిన రెండు నెలలూ దాటాయి. నాగబాబు ఆ మాట ఎత్తలేదు. శ్రీసత్య కూడా ఎత్తలేదు. జూలై, ఆగస్టు గడిచాయి. మధ్యలో ఒకరోజు ఆమె క్లినిక్కుకి వెళ్లి, "ఇవాళ చూడండి" అని తనే బల్ల మీద పడుకుంది. డాక్టరు ప్రతిదీ చెప్పి చేసింది. నొప్పి లేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం, వాన పడుతూ ఉంది. నాగబాబు ఆమె వీపు మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచాడు. ఆమె ఇటు తిరిగింది.

"ఇయ్యాల నాకు కావాలి" అంది.

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నిజంగానా?" అన్నాడు.

"నాను సెప్పినట్టు. నెమ్మదిగా. మధ్యలో ఆపమంటే ఆపాలి."

"ఆపుతాను."

మధ్యలో ఒకసారి ఆపమంది. ఆపాడు. ఆమె ఊపిరి వదిలి, నడుము కింద తలగడ సర్దుకుని, సరేనంది. అతని కాలు పట్టేసి, అతను అబ్బా అంటే ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఒళ్లు సడలింది. ఈసారి ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. కిటికీ రేకు మీద వాన చప్పుడు వింటూ, అతని భుజం మీద మచ్చ చూస్తూ, తన ఒంట్లోనే ఉంది. స్నానాలగదిలో తనకు ఒంటరిగా తెలిసిన హాయి ఇప్పుడు ఇంకో మనిషి పక్కన ఉండగా కూడా వచ్చింది. అది వస్తుండగా ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు లేవలేదు. నాగబాబు కళ్లు తుడుచుకోవడం చూసి, చూడనట్టు ఊరుకుంది.

ఆ తర్వాత అన్నీ అలాగే జరగలేదు. కొన్ని వారాలు ఒళ్లు మళ్లీ బిగుసుకునేది. కొన్ని వారాలు ఆమెకే వద్దనిపించేది, వద్దనేది, అతను సరేనని టీవీ పెట్టుకునేవాడు. అరెస్టయి జైలుకెళ్లిన రోజు నుంచే లెక్క కాబట్టి, ఆ మనిషి శిక్ష ఇంకా రెండు, మూడేళ్లలో అయిపోతుందని గుర్తొచ్చిన రోజు ఆమెకు అన్నం సహించలేదు. కానీ అతని పక్కన నిద్రపోయేటప్పుడు ఊపిరి బిగబట్టడం మాత్రం మానేసింది. ఆ సంగతి నాగబాబే చెప్పాడు.

కార్తీకమాసంలో ఒక ఉదయం, ల్యాబ్‌కు బయల్దేరుతున్న కోడలిని ముసలమ్మ గుమ్మం దగ్గర ఆపింది.

"నీ డాక్టరమ్మ ముసిలోళ్లని కూడా సూత్తాదేటి?"

"చూస్తాది. ఎందుకత్తా?"

ముసలమ్మ వీధి వైపు చూసి గొంతు తగ్గించింది. నాలుగో కాన్పు అయినప్పటి నుంచీ లోపలి గర్భసంచి కిందికి జారుతోందని, బరువెత్తినప్పుడల్లా చేత్తో లోపలికి తోసుకుని గిన్నె నెత్తినెత్తుకుంటోందని చెప్పింది. ఇరవైయేడేళ్లు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

శ్రీసత్య ల్యాబ్‌కు ఫోన్ చేసి సెలవు పెట్టింది. ఇద్దరూ ఆటోలో వన్ టౌన్‌కు వెళ్లారు. ముసలమ్మ దారి పొడవునా కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది. పేరు పిలిచినప్పుడు లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నువ్వూ రాకూడదేటి?"

శ్రీసత్య చేతిసంచీ తీసుకుని, అత్తగారి వెంట లోపలికి వెళ్లింది.